గొయ్యి ఉన్న చోట

కాఫీ యంత్రం పెట్టిన చోటే నా గొయ్యి ఉండేది.
ముప్పై ఎనిమిదేళ్లు దాంట్లో నిలబడి
తలెత్తి కార్ల కడుపులు చూశాను.
ఇప్పుడక్కడ తెల్లటి పలకలు, పూలకుండీ.
మడమతో తట్టాను.
బోలుగా పలికింది.
పూడ్చలేదన్నమాట, మూతేశారంతే.

"కూర్చోండి తోర్‌గ్రిమ్ గారూ" అంది మారెన్.
వాళ్ల నాన్న బండికి రెండుసార్లు క్లచ్ మార్చాను,
ఆ పిల్లకి తెలీదు.
నేనూ చెప్పలేదు.
బేరం దగ్గర చుట్టరికం కలపకూడదు.

బానెట్ తెరవమన్నాను.
లోపల ఏమీ లేదు.
ఏమీ లేదంటే, ఒక నల్లటి తొట్టి,
కడిగి బోర్లించిన గిన్నెంత శుభ్రంగా.
"సామాను పెట్టుకోవచ్చు, చేపలైనా సరే,
నీళ్లు పోడానికి అడుగున రంధ్రం కూడా ఉంది."
ఇంజిన్ ఉండాల్సిన చోట చేపలు!
నవ్వొస్తే దగ్గుగా మార్చుకున్నాను.

ఆయిల్ మార్చక్కర్లేదు, బెల్టు లేదు,
ప్లగ్గుల్లేవు, పొగగొట్టం లేదు.
పెళ్లిళ్ల పేరయ్య వరుణ్ణి పొగిడినట్టు
లేనివన్నీ చెప్పుకుపోతోంది:
తాగడు, తిరగడు, నోరెత్తడు.
ఒక్కో "లేదు"కీ
నా పాత జీతంలో ఒక్కో నెల రాలిపోతోంది.

"జనవరిలో సెన్నలాండ్ మీదుగా
హామర్‌ఫెస్ట్‌లో మా అక్క దగ్గరికి
వెళ్లి, మళ్లీ ఆల్టా రావాలి. వస్తుందా?"
కాగితం మీద నాలుగొందల ముప్పై కిలోమీటర్లు.
మారెన్ మేనేజర్ గది వైపు ఒకసారి చూసి
గొంతు తగ్గించింది.
"మైనస్ ఇరవైలో, ఎదురుగాలైతే, రెండొందల అరవై.
దారిలో చార్జింగ్ పెట్టుకోండి. లేదా అక్కడే పడుకోండి."
మా అక్క ఇంట్లో పడుకోవడం కంటే
మంచులో నడిచి రావడం మేలు.
అయినా అక్కడే కొనేశాను, మనసులో.

బయట ఒక కుర్రాడు నా డీజిల్ బండి చుట్టూ తిరుగుతూ
లోపాలు టాబ్‌లోకి ఎక్కిస్తున్నాడు.
తుప్పు. గీత. తలుపు సొట్ట.
(సొట్ట నాది కాదు, ఒక రెయిన్‌డీర్‌ది.
దానికేం కాలేదు, లేచి వెళ్లిపోయింది.)
మూడో గేరులో సన్నటి గురక మాత్రం
వాడికి వినపడలేదు.
అసలు జబ్బు అదే.
చెప్పనా, ఊరుకోనా?
రెండొందల అరవై అన్న గొంతు గుర్తొచ్చి
చెప్పేశాను.
నాలుగు వేల క్రోనర్లు పోయాయి.
నిజం కూడా జలుబులాగే అంటుకుంటుంది కాబోలు.
చలికాలపు టైర్లు, రబ్బరు పరుపులు
ఊరికే ఇమ్మని అడిగాను మరి. ఇచ్చారు.

సంతకం తెర మీద, వేలితో.
తెర నా చూపుడు వేలిని ఒప్పుకోలేదు.
పని మానేసి ఆరేళ్లైనా
పగుళ్లలో మసి మసిలాగే ఉంది.
బొటనవేలు, ఊహూఁ. నడిమివేలు, ఊహూఁ.
చివరికి చిటికెన వేలు పనికొచ్చింది.
దాంతో నేనెప్పుడూ ఏ పనీ చెయ్యలేదు.

బయల్దేరిన సంగతి
గోడ వెనక్కి జరుగుతుంటే తెలిసింది.
టైర్ల కింద కంకర. నా ఊపిరి.
ఎడమ చెవి ఎప్పుడో కంప్రెసర్ పాలైంది,
మిగిలిన కుడి చెవి
పనిలేని మంగలిలా
ఇటూ అటూ వెతికి వెతికి
వైపరు దగ్గర ఒక చిన్న టిక్కు పట్టుకుంది.
ప్రాణం లేచొచ్చింది.

ఇంటి ముందు ఆపాను.
పక్కింటి బూడిదరంగు పిల్లి
ఎప్పటిలాగే బానెట్ మీదికి దూకింది.
ఒక కాలు ఎత్తింది.
ఇంకో కాలు ఎత్తింది.
నా వైపు చూసింది,
అన్నం పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్న మనిషిని చూసినట్టు.
ఏ ఇంట పొయ్యి వెలగలేదో
ముందు తెలిసేది పిల్లికే.

రేపు పాత ఉన్ని దుప్పటి ఒకటి దాని మీద పరవాలి.
రంగు గీసుకుపోతుందని మారెన్ అంటుంది.
అననీ.